మెలీఫా టీచరు గులకరాళ్ళు

ఫలోంబే పల్లెల్లో ఫిబ్రవరి అంటే గాదెలు అడుగంటే నెల. కొత్త మొక్కజొన్న ఏప్రిల్‌కి గాని ఇంటికి రాదు. ఒకటో తరగతి చెప్పే మెలీఫా టీచరుకు ఈ రోజులంటేనే హడలు. మామిడిచెట్టు కింద నూట ముప్పైమంది పిల్లలు, వంటపాకలో ఒకే ఒక్క కుండ జావ. అది యాభైమందికి వస్తే గొప్ప.

కాలే కడుపుకి అక్షరం ఎక్కదని ఆవిడకి పదకొండేళ్ళ అనుభవం చెప్పింది. పాఠానికి ముందు ప్రతి పిల్ల నుదురూ తాకి చూసేది. ఏడ్చి వచ్చినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకునేది. మీరు టీచరా, ఆయావా అని హెడ్మాస్టరు ఎగతాళి చేసినా నవ్వి ఊరుకునేది. ఈ ఏడు ఓ ఉపాయం పన్నింది. ఇంట్లో తిని వచ్చినవాళ్ళు గంపలో గులకరాయి వేసి వెనక కూర్చోవాలి. తిననివాళ్ళు ముందు వరసల్లో, జావ మొదట వాళ్ళకే. నోరు తెరిచి అడిగి సిగ్గుపెట్టడం ఉండదు కదా అనుకుంది పాపం.

జియోనే రోజూ రాయి వేసేది. ఏడేళ్ళ పిల్ల, ఏ ప్రశ్నకైనా మొదట లేచే చెయ్యి దానిదే. రెండో వారానికి ఆ చెయ్యి లేవడం మానేసింది. వెనక వరసలకి జావ ఒక్కరోజూ అందలేదు. మూడో వారంలో నేలమీద అంకెలు దిద్దుతూ దిద్దుతూ పక్కకి ఒరిగిపోయింది. ఆస్పత్రిలో సెలైను ఎక్కించి, ఈ పిల్ల సరిగ్గా తిని ఎన్నాళ్ళయిందని అడిగారు. సాయంత్రానికి ఇంటికి పంపేశారు.

మర్నాడు మధ్యాహ్నం మెలీఫా వాళ్ళింటికి వెళ్ళింది. రాయి ఎందుకు వేయించారని జియోనే అవ్వని నిలదీసింది.

"మా ఇంట్లో లేదని ఊరంతా చాటుకోమంటావా తల్లీ? ఎవరడిగినా కడుపు నిండిందనాలని నేనే నేర్పాను. మా అమ్మ నాకు నేర్పింది."

మెలీఫాకి ఒళ్ళు మండింది. మింగ మెతుకు లేదు గాని మీసాలకి సంపెంగ నూనె అని కడిగేద్దామనుకుంది. ఇంతలో అవ్వ పిడికెడు మొక్కజొన్న సంకటి, కాస్త గుమ్మడాకు కూర తెచ్చి చుట్టం ముందు పెట్టింది.

"వద్దమ్మా, నా కడుపు నిండుగా ఉంది."

పొద్దుటినుంచి మెలీఫా మంచినీళ్ళు తప్ప ఎరగదు. చాపమీద జియోనే కళ్ళు తెరిచింది.

"నేనూ అలాగే అన్నాను టీచర్."

మెలీఫా గుండె చెరువయింది. తనకీ తన తల్లి నేర్పిన అబద్ధమే అది. గంప పెట్టి మరీ పసివాళ్ళ చేత రోజూ ఆడించింది. కంచం దగ్గరికి లాక్కుంది.

"నాకు ఆకలేస్తోంది జియోనే. పొద్దుటినుంచి తినలేదు. మరి నీకు?"

పిల్ల అవ్వ మొహం చూసింది. తనకీ ఆకలేస్తోందని మెల్లిగా చెప్పింది. ముగ్గురూ ఒక్క కంచంలో తిన్నారు.

సోమవారం పొద్దున పిల్లలందరి ముందూ మెలీఫా రాయి లేని ఖాళీ చేతులు చూపించింది. ఇవాళ నేను తినలేదని చెప్పి, గంప దాటి ముందు వరసలో కూర్చుంది. జియోనే వచ్చి పక్కన చేరింది. తర్వాత ఒకరి వెనక ఒకరు, గంపవైపు చూడకుండా వచ్చేశారు. పదకొండు రాళ్ళే పడ్డాయి. నూట పంతొమ్మిదిమంది ఆవిడ చుట్టూ కిక్కిరిసి కూర్చున్నారు.

పిల్లలు నిజం చెప్పారు. కుండ మాత్రం పాతదే, యాభైమందికి వచ్చేదే. ఎవరి గిన్నెతో మొదలుపెట్టాలో తెలియక మెలీఫా గరిటె పట్టుకుని నిలబడిపోయింది.