వంకరగా పెట్టిన పెట్టె

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ నొక్కుడు బాబాయ్ అంటారు. పనే అది. ముడతల అట్టతో చేసిన పెట్టెను రెండు ఇనప పలకల మధ్య పెట్టి, పై పలక దించి, ఎంత బరువుకు చతికిలబడుతుందో చూడటం. అలవాటు ముదిరి, బస్సులో పక్కవాడి సూట్‌కేసును కూడా నొక్కి చూసి తిట్లు తిన్నాడు.

భార్యదీ ఆ ఫ్యాక్టరీయే. పెట్టె అంచులకు జిగురు పూసి అతికించేది. అతికించిన ప్రతి పెట్టెనూ వేలి కణుపులతో తక్ తక్‌మని తట్టి గానీ పక్కన పెట్టేది కాదు. ఒకరోజు ఆవిడ చేసిన పెట్టె సగం బరువుకే కూలబడింది.

"నీ జిగురుకు పట్టు లేదే" అన్నాడు, నలుగురి ముందూ.

"జిగురుకేం రోగం? మీరే వంకరగా పెట్టారు. బరువంతా ఒక మూలకే పడింది."

"ఇన్నేళ్ల సర్వీసులో వంకరగా పెట్టానా నేను?"

"తాళం కూడా వంకరగానే పెడతారు మీరు!"

ఆ గొడవ వాళ్లతోపాటు ఇంటికొచ్చింది, అన్నం దగ్గర కూర్చుంది, మంచమ్మీద మధ్యన పడుకుంది. అది తేలకముందే ఆవిడ జ్వరంతో పోయింది. ఆ సరుకులో మిగిలిన ఒకే ఒక్క పెట్టె స్టోర్స్‌లో అటక మీద ఉండిపోయింది. దాన్ని నొక్కితే తప్పెవరిదో తెలిసిపోతుంది. ఆయన నొక్కలేదు.

ఎందుకంటే ఆవిడ పోయినా ఆ తట్టడం ఆగలేదు. పొయ్యి మీద గిన్నె పెడితే వెనక తక్ తక్. తలుపు గడియ వేస్తే తక్ తక్. "సరిగ్గా పెట్టారా?" మొదట్లో వెనక్కి తిరగడానికి గుండె చాల్లేదు, లైటు వేసుకునే పడుకున్నాడు. ఒకసారి బస్సులో "పెట్టానే తల్లీ!" అని పైకే అనేస్తే, ముందు సీటావిడ బ్యాగు ఒళ్లోకి లాక్కుంది. రానురాను, ఆ చప్పుడు వినబడకపోతే నిద్రపట్టని స్థితికొచ్చాడు.

ఓ రోజు స్టోర్స్ చూసే అమ్మాయి ఆ పెట్టెను చంకన పెట్టుకొచ్చింది.

"బాబాయ్, పాత శాంపిళ్లన్నీ సాయంత్రం తుక్కుబండి ఎక్కుతున్నాయి. నొక్కేదేదో ఇప్పుడే నొక్కేయి."

"ఇంటికి పట్టుకుపోతే?"

"గేటు దాటనిస్తారా? అయినా, తప్పు నీదో పిన్నిదో ఇవాళైనా తేలనీ."

భోజనాల వేళ. మిషన్ గదిలో ఎవరూ లేరు. ఆ అమ్మాయి గుమ్మం దగ్గరే నిలబడింది. ఆయన పెట్టెను పలక మధ్య గీతలకు సరిగ్గా ఆనించి పెట్టాడు. వెనక తక్ తక్. సరిగ్గా పెట్టారా?

బటన్ మీద వేలు ఆగిపోయింది. పెట్టె నిలబడితే ఆవిడ గెలుస్తుంది, కూలితే తను గెలుస్తాడు. ఎలాగైనా గొడవ అయిపోతుంది. అయిపోయిన గొడవ కోసం ఆవిడ ఎందుకొస్తుంది?

నెమ్మదిగా, అరచేత్తో, పెట్టెను కాస్త పక్కకు జరిపాడు. నొక్కాడు. ఒక మూల మూలిగింది, నలిగింది, పెట్టె కుంటుకుంటూ కూలబడింది. సగం బరువుకే.

"అయ్యో, పిన్ని జిగురే అన్నమాట!"

"కాదమ్మా. నేనే వంకరగా పెట్టాను."

"ఇన్నేళ్ల సర్వీసులోనా?"

"తాళం కూడా వంకరగానే పెడతాను."

"మరి ఇంక ఎప్పటికీ తేలదుగా బాబాయ్!"

"తేలదు" అన్నాడాయన తృప్తిగా, మిషన్ ఆపేస్తూ.

ఆ నిశ్శబ్దంలో తక్ తక్.

ఆయన వెనక్కి తిరగలేదు. "ఆఁ, చూశాన్లే" అన్నాడు.

గుమ్మం దగ్గరి అమ్మాయి మాత్రం గిరుక్కున తిరిగి, ఖాళీగా ఉన్న వరండాను చూసి, గోడకు అంటుకుపోయింది.

"బాబాయ్, ఎవరు తట్టింది?"