నురగ తీయక్కర్లేని సముద్రం

స్టవ్ మీద బెల్లం పాకం నురగ కడుతోంది. ఆ వాసనకి నాకు చోడవరం చలికాలాలు గుర్తొస్తాయి. మా నాన్న గానుగ దగ్గర బెల్లం వండేవాడు. పొయ్యి మీది పెద్ద ఇనప పెనంలో చెరుకురసం మరిగి నురగ తేలిందంటే చాలు, తింటున్న అన్నం వదిలేసైనా దాన్ని తీయడానికి పరిగెత్తేవాడు.

ఒక క్రిస్మస్ సెలవుల్లో ఎలాగో ఒక్కరోజు ఖాళీ చేసుకుని మమ్మల్ని విశాఖపట్నం తీసుకెళ్ళాడు. జూ చూసి, మధ్యాహ్నం బీచ్‌కి వెళ్ళాం. సముద్రాన్ని చూడటం నాకదే మొదటిసారి. ఒడ్డు పొడుగునా తెల్లటి నురగ! పరిగెత్తుకెళ్ళి నాన్నకి అడ్డంగా నిలబడ్డాను.

"నాన్నా, అటు సూడకు!"

"ఏటే గుంటా, ఏటైంది?"

"నురగొచ్చేసింది. నువ్వెళ్ళిపోతావు."

అమ్మ పకపకా నవ్వింది. నాన్న నవ్వలేదు. నన్ను ఎత్తుకుని చాలాసేపు అలల్నే చూశాడు.

"ఇది ఎప్పటికీ పాకానికి రాదే. ఇక్కడ నాకు పనేటీ లేదు" అంటూ ఇసుకలో కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. చీకటి పడేదాకా లేవలేదు.

"అమ్మా, ఒక్కసారి రావా?" వాకిట్లోంచి మా అమ్మాయి పిలుస్తోంది.

పాకం ఇంకా రాలేదు. అయినా స్టవ్ కట్టేశాను.