ఎర్తు అడుగు

పోయిన వారం తిరుత్తణిలో కంటి డాక్టరు దగ్గర చుక్కల మందు రాయించుకుని బయటికి వచ్చేసరికి వాన పట్టుకుంది. పొదటూరుపేట బస్సు ఇప్పట్లో రాదు, వచ్చినా నాలాంటి ముసలివాడు ఎక్కేంత చోటు ఉండదు అనుకుంటూ ఒక కొట్టు పంచన నిలబడి ఉంటే, మా వీధి చివర ఉండే మనిషి, ముప్పై ఏళ్ళవాడు, పాత పికప్పు బండిలో నూలు మూటలు తోలేవాడు, నన్ను చూసి ఆపి పక్క సీటులో కూర్చోబెట్టుకున్నాడు. బండి కదిలింది. అద్దం మీద వైపరు ఈ చివర నుంచి ఆ చివరకి పోయి వచ్చేలోపల నేను తుమ్మి, తువ్వాలు తీసి ముక్కు తుడుచుకుని, దాన్ని మళ్ళీ మడిచి భుజాన వేసుకున్నాను. అప్పటికీ అది ఇంకా వస్తూనే ఉంది.

హారన్ కొడితే వైపరు నిలబడిపోతుందా అని అడిగాను. అతను నా వైపు వింతగా చూసి హారన్ నొక్కాడు. వైపరు అద్దం నడుమ టక్కున ఆగి, హారన్ వదిలాక మళ్ళీ కదిలింది. మోటారు పోయింది తాతా, ఫోన్‌లో చూసినా, కొత్తది ఆర్డరు కూడా పెట్టేసినా అన్నాడు. నా మనసు అప్పటికే ఇరవై ఏళ్ళకు పైగా వెనక్కి పోయి, ఇలాంటిదే ఇంకొక బండిలో, ఇలాంటిదే ఇంకొక అద్దం వెనక కూర్చుని ఉంది.

మీలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేసినవాళ్ళకు నేను విడమరిచి చెప్పక్కరలేదు. నలభై దాటేసరికి నా కుడి మోకాలు వంగనని మొండికేసింది. గుంటలో దిగితే పైకి రావడానికి ఇద్దరు పట్టుకోవాలి. అప్పుడు మాకు నూలు ఇచ్చి నేయించుకునే షావుకారు, మా మొదలాళి దగ్గర ఒక పికప్పు బండి ఉండేది. ఎవరో పదేళ్ళు వాడి వదిలించుకున్నదాన్ని కొన్నాడు. లుంగీల మూటలు తిరువళ్ళూరుకు దింపి, నూలు ఎత్తుకుని రావడం నా పని అయింది. లైసెన్సు ఎట్లా వచ్చిందని మాత్రం అడక్కండి. నాకప్పటికి ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. ఊళ్ళ బోర్డులను రంగును బట్టి, పొడుగును బట్టి, పక్కనున్న టీ కొట్టును బట్టి గుర్తు పెట్టుకునేవాణ్ణి.

చదువు రాని మనిషి ఎవరినీ ఏదీ అడగడు. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పే మాట కాదు. ఈ బస్సు యాడికి పోతుంది అని అడిగితే, ఎదుటివాడు ముందు బోర్డు వైపు చూస్తాడు, తర్వాత మన కాళ్ళ నుంచి తల దాకా చూస్తాడు, ఆ తర్వాతే జవాబు చెబుతాడు. ఆ చూపు పడలేక, ఒక్కోసారి నాకు తెలిసిన మొహం ఎవరైనా ఎక్కేదాకా రెండు మూడు బస్సులు వదిలేసి నిలబడ్డాను. బండి నడిపేటప్పుడూ అంతే. ఏది చెడినా నోరు విప్పకుండా మెకానిక్ చేసేది చూస్తూ ఉండేవాణ్ణి.

నాకు అక్షరాలు నేర్పింది నా భార్య. తెలుగు బడిలో అయిదో తరగతి దాకా చదివిన మనిషి. నేను బండి ఎక్కిన తర్వాత, రాత్రిళ్ళు మగ్గం కొయ్య మీద సుద్దముక్కతో రాసి దిద్దించింది. ఆమె అన్న, నాకు బావ, గుమ్మిడిపూండిలో ఒక ఫ్యాక్టరీలో కరెంటు పని చేసేవాడు. ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం. నేను దిద్దుతున్నానని తెలిసి, మనవడి పలక ముందే కొనిపెట్టుకున్నావా బావా అని ఎగతాళి చేసినాయన.

ఆ ఏడు ఐప్పసి నెల వానలు మొదలయ్యాయి. వైపరు నీళ్ళను తుడవడం మాని అద్దం మీద పూస్తూ తిరగసాగింది. ఒక సాయంత్రం మబ్బు కమ్మి హెడ్‌లైట్లు వేసుకున్నాను. అవి వేసేసరికి వైపరు ఇంకా నీరసపడింది. మలుపు కనపడక చక్రం కాలవ అంచుకు దిగింది. నాకేమీ కాలేదు కానీ నాలుగు మూటలు నీళ్ళల్లో పడ్డాయి. తిరుత్తణిలో మెకానిక్ మోటారు మార్చాల్సిందే అన్నాడు. మొదలాళి మాత్రం ఈ డొక్కు బండికి ఇంక ఒక్క మరమేకు కూడా కొనేది లేదని, వచ్చే సోమవారానికి అది సరిగా తిరక్కపోతే బండి అమ్మేసి మూటలు లారీలో వేస్తానని, నన్ను మగ్గానికే పొమ్మని తేల్చి చెప్పేశాడు. మగ్గం అంటే ఆ గుంట. ఆ గుంట తలుచుకుంటేనే నా మోకాలు పీకేది.

అదే వారంలో నా భార్య బంధువుల బిడ్డకు పేరు పెట్టే వేడుకకని శోళవరంలో పుట్టింటికి పోయింది. అక్కడ అన్నకు సంగతంతా చెప్పిందట, హారన్ కొడితే వైపరు ఆగేది, లైట్లు వేస్తే నీరసపడేది, అన్నీ. ఆయన డ్యూటీకి పరుగెత్తుతూ రైలు టికెట్టు వెనక రెండు ముక్కలు రాసి, మీ ఆయనకు అక్షరాలు వచ్చినాయంటివి కదా, చదువుకోమను అని చేతిలో పెట్టాడట. ఆమె తెచ్చి ఇచ్చింది. నేనే చదువుతాను, నువ్వు చెప్పవద్దు అన్నాను. వత్తుల దగ్గర ఇంకా తడబడే రోజులవి. వేలు పెట్టి కూడబలుక్కున్నాను. ఎర్తు. అడుగు. అంతే ఉంది.

ఎర్తు అంటే బండి ఒంటికి కలిపే నల్ల వైరని విని ఉన్నాను. దాన్ని గురించి ఎవరినో అడగమంటున్నాడు బావ. ఎవరిని అడగమని రాయలేదు. తిరిగి కబురు పెడితే, చదవడం రాలేదా బావా అని జన్మంతా ఏడిపిస్తాడు. రాసిన మాటే కదా, అడుగుదాం అనుకున్నాను. నమ్మండి, పెద్దవాణ్ణయ్యాక ఒక పరాయి మనిషి దగ్గరకు పోయి నాకు ఇది తెలియదు అని చెప్పడం నాకు అదే మొదలు.

తిరుత్తణి బస్టాండులో టీ తాగుతున్న ముసలి బస్సు డ్రైవరును అడిగాను. ఆయన కాళ్ళూ తలా చూడలేదు. వైపరు చేతులు రెండూ అద్దం మీద నుంచి పైకెత్తి తిప్పి చూడు, వేగంగా తిరిగితే తప్పు రబ్బరుది, లేకపోతే కాదు అన్నాడు. ఎత్తి చూశాను. గాలిలో కూడా అదే నడక. మర్నాడు మా ఊళ్ళో మరమగ్గాల ఫిట్టరును అడిగాను. మగ్గం బరువైతే ఏం చేస్తావు, ఒక్కో కీలు విడదీసి చూడవా అని ఆయనే నన్ను ఎదురడిగాడు. మోటారు నుంచి కడ్డీ ఊడదీసి వైపరును చేత్తో ఆడిస్తే పాలమీగడలా ఆడింది. కీళ్ళది తప్పు కాదు. అప్పుడు వట్టి మోటారును తిప్పి చూస్తే అదీ ఈడ్చుకుంటూనే తిరిగింది. అంటే మెకానిక్ మాటే నిజమా అనుకున్నాను. శుక్రవారం అయిపోయింది.

శనివారం తిరువళ్ళూరులో బ్యాటరీలు చార్జి చేసే కొట్టుకు పోయాను. కొట్టాయన లేడు, ఆయన భార్య ఉంది. అరవ ఆవిడ. అడగాలా వద్దా అని ఒక్క క్షణం అనుకుని, అడిగేశాను. ఆవిడ మోటారు ఊడదీయించి, బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు ఆనించింది. మోటారు ఫ్యాను లాగా గిర్రున తిరిగింది. మోటారు బంగారంలా ఉంది! మళ్ళీ బండిలో బిగించి, మోటారు ఒంటి నుంచి బ్యాటరీ దాకా ఒక వైరు ముక్క పట్టుకుని వైపరు వేయమంది. అద్దం మీద అది ఎగిరెగిరి తిరిగింది. ఆవిడ అరవంలో చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది: కరెంటు వచ్చే దోవ ఉంటే చాలదు, తిరిగి పోయే దోవ కూడా ఉండాలి, నీకు పోయే దోవ మూసుకుపోయింది, హారనూ లైట్లూ కూడా ఆ దోవనే పోతున్నాయి, అందుకే ఒకటి వేస్తే ఇంకొకటి పడుకుంటోంది. నల్ల వైరు ఎక్కడ బిగించారో వెతుక్కో.

వెతికాను. మోటారు దగ్గర మొదలై లోపలికి దూరి, డ్యాష్‌బోర్డు వెనకగా కిందికి, ఇంకా కిందికి దిగి, నా కాళ్ళ దగ్గర మ్యాటు కిందకి పోయింది ఆ వైరు. మ్యాటు ఎత్తాను. దాని కింద, వాన కాళ్ళతో ఎక్కితే తడి పీల్చుకోవాలని నేనే పరిచిన గోనె సంచి. మగ్గం గుంటలో తేమకు గోనె పరిచే అలవాటు బండిలోకీ తెచ్చాను. అది పీల్చిన నీళ్ళన్నీ ఎన్ని నెలల నుంచో అక్కడే పట్టి ఉంచింది. గోనె లాగితే కింద ఆ వైరు బిగించిన బోల్టు తుప్పు పట్టి పకోడీలా పొంగి ఉంది. సరిగ్గా నేను పాదం పెట్టే చోట.

అప్పుడు జేబులోంచి ఆ టికెట్టు తీసి మళ్ళీ చదివాను. ఎర్తు అడుగు. అడుగున ఉంది చూడమన్నాడు మహానుభావుడు.

గరుకు ఉప్పుకాగితంతో బోల్టునూ రేకునూ తెల్లగా వచ్చేదాకా గీకి బిగించాను. సోమవారం పొద్దున మొదలాళి ఇంటి ముందు బండి నిలిపి, లైట్లు వేసి, హారన్ నొక్కిపెట్టి వైపరు వేశాను. చాల్లే, ఊరంతా లేస్తుంది, ఎత్తు మూటలు అన్నాడు. ఇంకో ఎనిమిదేళ్ళు ఆ బండే నాకు తిండి పెట్టింది.

ఆ వచ్చే ఆదివారం బావ వచ్చాడు. సంగతి విని నేలమీద కూలబడి నవ్వాడు.

"అడుగు అంటే అడుగున అని కదా బావా, నువ్వు మూడూళ్ళ జనాన్ని అడిగి వచ్చినావా?"

"అడక్కుండా నీ అడుగు నాకు యాడ దొరికేది?" అన్నాను.

ఆ తర్వాత నేను అడగడం ఆపలేదు. బోర్డు మీద ఏముందని అడిగాను, మందు సీసా మీద ఏముందని అడిగాను, అట్లా అడిగి అడిగే అరవ అక్షరాలూ నేర్చుకున్నాను. ఆ బస్సు డ్రైవరు పోయాడు, ఫిట్టరు పోయాడు. బ్యాటరీల కొట్టు ఉన్నచోట ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు. బావ పోయి నాలుగేళ్ళు. తప్పుగా చదివి మనిషి దగ్గరకు పోయే అవసరం ఇప్పుడు ఎవరికీ లేదు. ఫోను ఎవరినీ కాళ్ళ నుంచి తల దాకా చూడదు. అది మంచిదే, నేను కాదనను. కానీ మగ్గం బరువైతే ఏం చేస్తావు అని తిరిగి అడగను కూడా అడగదు.

మా వీధి మొదట్లో వాన తెరిపిచ్చింది. దిగేటప్పుడు తలుపు పట్టుకుని, మోటారు మార్చే ముందర నీ కాళ్ళ కింద మ్యాటు ఒకసారి ఎత్తి చూడు నాయనా అన్నాను. సరే తాతా అన్నాడు, మంచివాడే. ఎందుకు అని మాత్రం అడగలేదు.