పిక్క మీద తొడ చర్మం

చిన్నప్పుడు కాలిన పిక్క మీద పెద్దయ్యాక లేచిన పుండును, పంతొమ్మిదివందల ఎనభైలలో మూడు మిరప కోతలదాకా ఎదురింటి మామ ఆకుపసరుకే అప్పగించిన తెలివి నాది. చివరికి గుంటూరు డాక్టరు ముక్క తీసి పరీక్ష చేయించి, "క్యాన్సరండీ. ఇంకా ఆగితే కాలే తీసేయాలి" అన్నాడు. పుండు చుట్టూ వెడల్పుగా, లోతుగా కోసేసి, తొడ చర్మం తెచ్చి అతికించాడు. ఒంట్లోనే బదిలీ అయిన ఆ చర్మం బుద్ధిగా కొత్తచోట కుదురుకుంది. కాలు దక్కింది.

చూడ్డానికొచ్చిన మామ మాత్రం, "తొందరపడ్డావురా అల్లుడూ! ఇంకో నెల నా పసరు రాస్తే మానేది" అన్నాడు.

మరుసటేడు ఆయన పాదంలో గునపం దిగింది. ఆ ఆకే నూరి గిన్నెతో వెళ్లాను.

"మామా, నీ మందే. కాలు చాపు."

"ఒరేయ్, ముందది అవతల పెట్టు! గుంటూరు బస్సెన్నింటికి?"

బస్సెక్కించి, గిన్నె కూడా ఆయన ఒళ్లో పెట్టాను.