నా కూతురి నోటికి సరిపడా భాష చేసిన టీచరు గారు

మా టీచరు గారు పోయారు. మొన్న పొద్దున్న పాలకేంద్రం దగ్గర నిలబడి ఉంటే ఎవరో చెప్పారు. నిద్రలోనే పోయారట. ఖాళీ పాలగిన్నెతో ఇంటికొచ్చాను. మా అమ్మాయికి ఈ కబురు ఎలా చెప్పాలో తెలియక ముందు మా ఆవిడ మీద అరిచాను. పాపం, ఆవిడేం చేసింది.

నేను ఏడో తరగతి దాకా చదివినవాణ్ని. మండపేటలో ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలరు పొయ్యికి ఊక ఎగదోస్తూ బతికాను. ఇలా పత్రికకి రాయడం నాకు కొత్త. కానీ సంతాప సభలో టీచరు గారి గురించి అన్నీ చెప్పి, చెప్పాల్సింది ఒక్కటీ చెప్పలేదు. ఆ కోపంతోనే రాస్తున్నాను.

నా కూతురు ఇవాళ టీచరండి. బళ్ళో పిల్లలకి గొంతెత్తి పాఠం చెబుతుంది. నోటితో బతుకుతోంది నా కూతురు. ఈ మాట ఎన్నిసార్లు రాసినా నాకు తనివి తీరదు. అది అంగిలి చీలి పుట్టింది. గ్రహణం వేళ బయటికొచ్చావని మా ఆవిణ్ని ఇంటిల్లిపాదీ సాధించారు. కాకినాడ పెద్దాసుపత్రిలో ఆపరేషను చేసి చీలిక కుట్టారు గానీ, మాట్లాడబోతే గాలి ముక్కులోంచి పోయేది. ప, బ అనలేదు. క, గ రావు. చ, స అసలే రావు. "నాన్న" మాత్రం మొదట్నుంచీ అనేది, ఎందుకంటే అది ముక్కుతో పలికే మాటే. బళ్ళో పద్యం అప్పజెప్పమని నిలబెడితే క్లాసంతా ముక్కులు పట్టుకుని దాన్ని అనుకరించేది. మూడో తరగతిలో ఉండగా ఒక రోజు నోరు మూసేసింది. ఇంట్లో కూడా మాట్లాడలేదు.

టీచరు గారు ఆ బళ్ళోనే హిందీ చెప్పేవారు. ఒక సాయంత్రం అమ్మాయిని తీసుకుని తన ఇంటికి రమ్మని కబురు పెట్టారు. వెళ్ళాం. చిన్న టార్చిలైటు వేసి దాని నోట్లోకి చూశారు. తర్వాత ఆ టార్చి దాని చేతికిచ్చి తన నోరు తెరిచారు. "ఇప్పుడు నాది చూడు. రెండు పళ్ళు లేవు. నాకూ కొన్ని సరిగ్గా రావు" అన్నారు. అన్నాళ్ళకి నా కూతురు నవ్వింది. నేను ఏదో అనబోతే నా వైపు తిరిగారు. "నోటికి తగ్గ మాట చేసుకోవాలి గానీ, మాటకి తగ్గ నోరు ఎక్కణ్నుంచి తెస్తామండీ?"

నాకు అర్థం కాలేదు. ఆయ్ అండి అన్నాను.

ఆవిడ నిజంగానే ఒక భాష చేశారు. నా కూతురు పలకగలిగిన మ, న, య, ర, ల, వ, హ, ఇవే అందులో హల్లులు. రాయడానికి మన తెలుగు అక్షరాలే, కానీ వత్తులు, సున్నలు లేవు. వినపడని దాన్ని రాయకూడదు. ఒక మాటలో ఒక్క దీర్ఘమే ఉండాలి, పిల్లకి ఊపిరి చాలాలి కదా అనేవారు. ఊళ్ళ పేర్లకి, మనుషుల పేర్లకి ఒక లెక్క పెట్టారు. క, గ ఉన్న చోట హ. త, ద ఉంటే ల. ట, డ ఉంటే ర. ప, బ ఉంటే వ. చ, జ, స ఉంటే య. అలా మా గోదావరి హోలవరి అయింది, మండపేట మరవేర అయింది. మిగతా మాటలన్నీ కొత్తగా చేయాలి. ముందు ఏ మాట కావాలి అని అడిగితే మా అమ్మాయి అన్నం అనలేదు, నీళ్ళు అనలేదు. పిడికిలి బిగించి చూపించింది. అలా ఆ భాషలో పుట్టిన మొదటి మాట కోపం. దాన్ని హూరు అనుకున్నారు.

సాయంత్రం వీధి పిల్లలంతా చేరే టీచరు గారి ఇంటి అరుగు మీద ఒక పద్ధతి ఉండేది. ఏ పిల్లైనా మాట తేవచ్చు, కానీ ముందు నా కూతురు పలకాలి. అది స్పష్టంగా పలికితే మాట భాషలోకి వచ్చినట్టు. పలకలేకపోతే ఆ మాట తెచ్చినవాడు వెనక్కి తీసుకుని ఇంకోటి ఆలోచించుకోవాలి. వీధిలో పిల్లలకి పెద్దవాళ్ళకి తెలియని భాష దొరికిందని ఒకటే సరదా. బళ్ళో ముక్కు పట్టుకుని వెక్కిరించినవాళ్ళే మా అమ్మాయి ముందు వరసలో కూర్చుని, "ఇది అనవే, ఒక్కసారి అనవే" అని బతిమాలేవారు. అది గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, తల అడ్డంగా ఊపి, వాళ్ళని తిప్పి పంపేది. మిల్లు నుంచి వస్తూ ఆ వైభోగం చూడ్డానికే నేను సైకిలు ఆపేవాణ్ని. రోజూ వింటూ నాకూ చాలా మాటలు వచ్చేశాయి.

ఇంకోపక్క టీచరు గారు సాధన మానలేదు. నాచేత మిల్లు నుంచి ఊక తెప్పించి, కాస్త దాని అరచేతిలో పోసి, ప అనమనేవారు. ఊక కదలాలి. నెలల తరబడి కదల్లేదు. ఆవిడ విసుక్కోనూ లేదు. ఒక రోజు ఊక ఎగిరి ఆవిడ కళ్ళజోడు మీద పడింది. అద్దాలు తుడుచుకోకుండా, "ప వచ్చింది, రానివ్వండి లోపలికి" అన్నారు. ఆ రోజు నుంచి ఆ భాషలో ప కూడా చేరింది. అలా ఒక్కొక్క హల్లూ దాని నోటికి వచ్చాకే భాషలోకి వచ్చింది.

ఇదంతా జరుగుతుండగానే అప్పటి హెడ్మాస్టరు గారు తల్లిదండ్రుల్ని కూడగట్టారు. ఈవిడ పిల్లలకి తెలుగు చెడగొడుతోందన్నారు. ఆ భాష మాట్లాడిన పిల్లల్ని ఎండలో నిలబెట్టారు. మానకపోతే ఉద్యోగం మానమన్నారు. ఆవిడ ఉద్యోగమే మానేశారు. నేను ఏడుస్తూ వెళ్తే, "ఏం డ్రామాలండీ ఇవి, ఊక తెచ్చారా లేదా?" అని కసిరారు.

ఆవిడ మీద కూడా కోపం ఉంది నాకు. గుండెలో నొప్పి వస్తోందని ఒక్కరికీ చెప్పలేదు. మా అమ్మాయి పాఠం చెబుతుంటే చూడ్డానికి రండి అని ఎన్నిసార్లు పిలిచినా, ఎండలు తగ్గనివ్వండి అనేవారు. ఎండలు తగ్గాయి, ఆవిడ లేరు.

సంతాప సభ ఆ బళ్ళోనే పెట్టారు. అధ్యక్షత ఆ హెడ్మాస్టరు గారిదే. రిటైరయ్యారు, జుట్టు నెరిసింది, గొంతు మాత్రం అలాగే ఉంది. క్రమశిక్షణ అన్నారు, అంకితభావం అన్నారు. ఆ భాష ఊసే లేదు. ఆవిడ ఎందుకు మానేశారో లేదు. వినేవాళ్ళకి ఆవిడ హాయిగా పింఛను పుచ్చుకుని పోయారేమో అనిపించేలా మాట్లాడారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మా అమ్మాయి ఆ భాషలోనే మాట్లాడతానని ఇంటి దగ్గరే చెప్పింది. వద్దన్నాను. అది మాట్లాడి ఎన్నేళ్ళయింది, ఎవరికి గుర్తుంటుంది, అంతమందిలో మళ్ళీ ముక్కు పట్టుకుని వెక్కిరిస్తే నేను భరించలేనన్నాను. అది వినలేదు. మైకు దగ్గరికి వెళ్తుంటే హెడ్మాస్టరు గారు ఆపారు. "రెండు ముక్కలు తెలుగులో చెప్పమ్మా. పెద్దలున్నారు, ఆ పిల్లచేష్టలు ఇక్కడొద్దు."

"అలాగేనండి" అంది మర్యాదగా. మైకు తీసుకుంది. ఆ భాషలో మొదలుపెట్టింది.

నేను తల వంచుకుని నా చెప్పుల్నే చూస్తూ కూర్చున్నాను. నా వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక్కి తిరిగాను. ఆ నవ్వింది లారీ తోలే కుర్రాడు, మా వీధివాడే. వాడు మా అమ్మాయిని చూసి నవ్వడం లేదు, అది చెప్పినదానికి నవ్వుతున్నాడు. చంటిపిల్లని ఎత్తుకున్న ఒకావిడ నవ్వాపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గోడవారగా నిలబడ్డ పోస్టాఫీసు గుమాస్తా అదే భాషలో దానికి ఒక మాట అందించాడు. ఇంకొకడు, "కాదు కాదు, అలా కాదు జరిగింది" అన్నట్టు ఆ భాషలోనే అడ్డుపడ్డాడు. అప్పుడు హాల్లో అక్కడోళ్ళు, ఇక్కడోళ్ళు, ముప్ఫయ్యేళ్ళు రాబోతున్న ఆ అరుగు పిల్లలంతా ఒక్కసారి పగలబడి నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

నా పక్క కుర్చీలోకి వచ్చి కూర్చున్న హెడ్మాస్టరు గారు మెల్లగా నా వైపు వంగారు.

"ఏమందండీ మీ అమ్మాయి?"

నాకు ప్రతి మాటా అర్థమైంది. ఆయన పేరు కూడా ఆ లెక్క ప్రకారం మారి రెండుసార్లు వచ్చింది. నేను చెప్పలేదు. ఆయన అటుపక్కవారిని అడిగారు, వాళ్ళకి తెలియదు. ఎవరివైపు చూసినా నవ్వుతూనే ఉన్నారు. కాసేపటికి, ఎందుకో తెలియకుండానే, ఆయన కూడా కొద్దికొద్దిగా నవ్వడం మొదలుపెట్టారు.