ఏడుపు బండ

కొత్త కొండచీపురు నూగు వాసన తగిలితే ఇప్పటికీ నా అరికాళ్లకు చెమట పడుతుంది. మొన్న మా ఆవిడ చీపురుపల్లిలో కొన్న చీపురును శ్రీకాకుళంలోని మా ఇంటి పిట్టగోడకేసి దులుపుతుంటే, ఆ నూగు ఎండలో లేచి, ఎండుగడ్డీ తడిమట్టీ కలిసిన వాసన ముక్కుకు తాకి, కాలి కింద నేల జారిపోతున్నట్టు గుమ్మం పట్టుకున్నాను. "ఏటయ్యింది మీకు?" అని అడిగింది. తుమ్ము వచ్చిందన్నాను. ఆ వాసన గురించి నేను నిజం చెప్పకపోవడం అదే మొదటిసారి కాదు.

మా ఊరు చీపురుపల్లికి అవతల ఒక కొండను ఆనుకుని ఉండేది. వరి నూర్పులు అయిపోయి, ఉలవచేలు పీకేసి, పొద్దున్నే మంచు పొగలా పాకే రోజుల్లో ఆడవాళ్లంతా కొడవళ్లు పట్టుకుని కొండచీపురు కోయడానికి వెళ్లేవాళ్లు. వాళ్ల ముందు మా అత్త, అంటే మా నాన్న అక్క, చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, చంకలో చోడంబలి ముంతతో నడిచేది. జల్లు పడినా ఆమె చుట్ట ఆరదని మాకు గొప్పగా ఉండేది. ఆమె వెనక ఆమె కొడుకు తవిటయ్య, వాడి వెనక నేను. వాడు నాకంటే కాస్త పెద్ద, వరసకు బావ. కాల్చిన ఎండుచేప ముక్కను నోట్లో ఒక బుగ్గన దాచుకుని మధ్యాహ్నం దాకా చప్పరించగలిగేవాడు.

ఆ కొండ నడుమ ఒక నున్నటి బోడిబండ ఉండేది. చెట్టూ గడ్డీ లేకుండా, ఏనుగు వీపులా వాలి, కింద చటుక్కున తెగిపోయి ఉండేది. దాని మీద మేకలు కూడా నిలవవని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. రాత్రి పడుకునే ముందు కిటికీలోంచి చూస్తే అది వెన్నెల్లో తెల్లగా మెరిసేది. నేను గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి.

ఒకరోజు అత్త వాళ్లు కింద గడ్డి కోస్తుంటే, పైదాకా ఎక్కుదామన్నాడు తవిటయ్య. భయమని చెప్పడానికి సిగ్గుపడి వెళ్లాను. ఎక్కడం కష్టమే కానీ, భయం అంతగా తెలియలేదు. ఎక్కేటప్పుడు కొండ మన ముఖానికి దగ్గరగా ఉంటుంది, వేళ్లకు దొరికిన పగులు తప్ప మరేదీ కనిపించదు. మోకాళ్లు దోక్కుపోయి, గొంతు ఎండి, శిఖరం మీదికి చేరాక ఒక్కసారి గాలి చొక్కాలో దూరి నన్ను సంచిలా ఉబ్బించింది. మా ఊరు అరిచేతిలో పట్టేటంత ఉంది. రైలు జెర్రిలా పాకుతోంది. దూరంగా ఆకాశం అంచున ఒక తెల్లటి గీత.

"అదేరా సముద్రం," అన్నాడు తవిటయ్య.

"కాదు, నాగావళి."

"నీ మొకం. ఏరు అంత వెడల్పుంటాదేటి?"

అంత ఎత్తు నుంచి అంత లోకాన్ని చూసిన ఆ కాసేపట్లో నేను ఎవరికీ భయపడని మనిషిని అనుకున్నాను.

దిగేటప్పుడు కాలం కాని జల్లు పడింది. బోడిబండ మీద సగం దాకా వచ్చాక, నా కాలు కింద నాచు సబ్బులా జారింది. బోర్లా పడి, రెండు చేతులూ చాపి బండను కరుచుకున్నాను. కింద ఏముందో చూశాను. చూడకుండా ఉండవలసింది. ఊరు నా కాళ్ల కింద నోరు తెరుచుకుని ఉంది. వేలు కదిపితే పడిపోతానని తెలిసిపోయింది. గట్టిగా, ఎక్కిళ్లు పెడుతూ ఏడ్చాను. లాగు తడిసింది, అది వానకు కాదు.

అప్పటికే బండ దిగేసిన తవిటయ్య మళ్లీ పైకి పాకి వచ్చాడు. నాకు దిగువగా ఒక పగులులో మోకాలు ఇరికించి, అరిచెయ్యి నా కాలి కింద పెట్టాడు.

"కిందకి సూడకు. నా సెయ్యి మీద కాలెట్టు."

"పడిపోతాను బావా."

"పడితే నా మీదే పడతావు. ఎట్టు."

నా బరువంతా వాడి అరిచేతిలో మోపాను. చెయ్యి జారలేదు. ఒక కాలు, మళ్లీ ఒక కాలు. అలా మట్టి తగిలేదాకా దింపాడు. అప్పటికి వాడి బొటనవేలి గోరు లేచిపోయి నెత్తురు కారుతోంది.

ఏడుపు విని గడ్డి కోసేవాళ్లంతా పరుగున వచ్చారు. వానకు ఇద్దరం ఒకేలా తడిసి ఉన్నాం. "ఏడిసిందెవుల్రా?" అంది అత్త. నేను వెంటనే, "తవిటిగాడు. నానే దింపినాను," అనేశాను.

తవిటయ్య నా వైపు చూశాడు. రక్తం కారే వేలిని నోట్లో పెట్టుకున్నాడు. అత్త వాడి వీపు మీద ఒకటి వేసి, "నీకంటే సిన్నోడురా ఆడు, సిగ్గునేదేటి?" అంది. అందరూ నవ్వారు. ఆ వారంలోనే అది 'తవిటి ఏడిసిన బండ' అయింది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, పేరు అరిగి 'ఏడుపు బండ'గా మిగిలింది. తవిటయ్య పెళ్లిలో కూడా ఆ మాట అని నవ్వారు. ఆ నవ్వులో నేనూ ఉన్నాను.

తవిటయ్య కూతురు గౌరిని కిందటేడు కాలేజీ వాళ్లు మంచుకొండలు ఎక్కే శిక్షణకు ఎంపిక చేశారు. ఏడుపు బండోడి కూతురు కొండెక్కుతుందట అని ఊళ్లో వేళాకోళం చేశారని విని, ఇక ఉండలేక వెళ్లి, నిజం అందరికీ చెప్పేస్తానన్నాను. తవిటయ్య పశువుల శాల ఊడుస్తున్నాడు, చేతిలో కొండచీపురే.

"ఒగ్గీ బామ్మర్దీ. ఎల్లే ముందు గౌరి అడిగింది, నువ్వు ఏడిసినావంట కదా నానా అని. ఔనన్నాను. ఏడిస్తే ఏటి, దిగొచ్చీసినాను కదా అన్నాను. ఆ మాటే అట్టుకుని ఎల్లింది పిల్ల. అది దిగొచ్చీవరకూ నోరిప్పకు."

గౌరి కొండ మీద ఉన్నన్నాళ్లూ నాకు నిద్ర లేదు. కన్ను మూస్తే కాలి కింద నాచు. మంచు మీద ఆమె కాలు జారినట్టు, కింద ఎవరి అరిచెయ్యీ లేనట్టు కల వచ్చేది.

మొన్న గౌరి క్షేమంగా దిగి వచ్చింది. అందుకే ఇప్పుడు ఇది రాయగలిగాను. బండ మీద ఏడ్చింది నేను, దింపింది తవిటయ్య.

ఆ తండ్రీకూతుళ్లకు చదివి వినిపిద్దామని ఇవాళ చీపురుపల్లిలో ఆటో ఎక్కాను. దారిలో కొండ సగమే ఉంది. బోడిబండను క్వారీ వాళ్లు ఎప్పుడో పేల్చేశారు, దాని కంకర మీదే ఈ రోడ్డు. అత్త లేదు, చుట్ట లేదు, గడ్డి కోసే మనుషులూ లేరు. పేరు ఒక్కటే మిగిలి ఆటోలు ఆగే స్టాపు పేరయింది. ఆటో కుర్రాడు వెనక్కి తిరిగాడు.

"ఏడుపు బండకాడ దిగీవోళ్లున్నారేటి?"

"నానున్నాను," అన్నాను.