రోడ్డు మీద ఉలవ కళ్లం

మా అత్తగారికి ఎద్దుల్లేవు. ఆ లోటు లారీలు తీర్చేవి.

అరవైల చివర్లో మేం విజయనగరంలో, నెల్లిమర్ల వెళ్లే రోడ్డు మీద ఉండేవాళ్లం. గుమ్మం దిగి కాలవ దాటితే తారు. గోగునార లారీలు ఊళ్లోంచి నెల్లిమర్ల మిల్లుకి పోయే దారి అదే. నార మోపులు లారీకి రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చి ఉండేవి. ఎదురుపడ్డ సైకిలువాడు మర్యాదగా దిగి తుప్పల్లోకి పోవాలి. నడిచేవాళ్లకి పక్కన మట్టి ఉందిగా అనేవారు పెద్దమనుషులు. ఉంది. ఆ మట్టిలో కంకర గుట్టలుండేవి, పేడకుప్పలుండేవి, నిద్రపోయే గేదెలుండేవి. ఇవన్నీ పోగా మిగిలిన జాగా మనది.

నాకు అప్పటికి నలభై దాటాయి. బి.ఏ. చదివినదాన్ని, పైగా నోరున్నదాన్ని. రోడ్డు దగ్గరికొచ్చేసరికి ఆ రెండూ పనికొచ్చేవి కావు. అంతకు ముందేడు మూడు లాంతర్ల కూడలి దగ్గర జట్కా గుర్రాన్ని లారీ గుద్దడం చూశాను. గుర్రం లేవబోవడం, పడడం, మళ్లీ లేవబోవడం. అప్పట్నించీ కొంగు పిడికిట్లో బిగించి, రెండు వైపులా ఏమీ లేదని నమ్మకం కుదిరితే గాని తారు మీద కాలు పెట్టేదాన్ని కాదు.

"రోడ్డు దాటతన్నావా, సముద్రం దాటతన్నావా?" అని అత్తగారు గుమ్మంలోంచి ఎగతాళి చేసేది.

ఆవిడ మాత్రం అదే రోడ్డుని తన కళ్లం చేసుకుంది. ఏటా ఉలవ పంట పీకాక, భోగాపురం వైపు పల్లెలో ఉన్న ఆవిడ తమ్ముడు బండెడు ఉలవ మొక్కలు పంపించేవాడు. వాటిని వేళ్లతో సహా ఎండబెట్టి, తారు మీద పరిచేసేది. లారీ చక్రం కింద కాయలు పటపటమని పేలేవి. లారీ పోయాక కర్రతో మొక్కలు లేపి దులిపి, కింద రాలిన గింజలు చీపురుతో చేటలోకి ఊడ్చుకునేది. ఆవిడొక్కతే కాదు, ఆ రోడ్డు పొడుగునా ఇదే పని. ఒకరు ఉలవలు, ఒకరు చోళ్లు, ఒకరు నువ్వులు.

దానికో కట్టుబాటు కూడా ఉండేది. పరిచిన పంటకి ఇటూ అటూ పెద్ద రాళ్లు పెట్టి ఉంటే లోపల మనిషి పని చేస్తోందని, పక్కనుంచి పొమ్మని అర్థం. రాళ్లు తీసేస్తే ఎక్కించమని. డ్రైవర్లందరికీ ఇది తెలుసు. రాళ్లు లేని పంట కనిపిస్తే, దారి తప్పించైనా సరే చక్రం దాని మీదికి తిప్పేవాళ్లు. కొందరు సరదాకి ఇంకాస్త జోరు పెంచేవాళ్లు. ఒక చేత్తో బీడీ, ఒక చేత్తో స్టీరింగు. పుణ్యకార్యం చేస్తున్నామన్న నమ్మకం ఉన్నవాడికి బ్రేకుతో పనేముంది?

"అత్తా, ఇది రోడ్డు. కళ్లం కాదు," అనేదాన్ని.

"రోడ్డెవుడి బాబుదే? మన ఇంటి ముందరే కదా ఉన్నాది."

"నీకు ఒక చెవి వినపడదు. లారీ వెనకాల్నించి వస్తే ఏం చేస్తావు?"

"కాలికి తెలుస్తాది. నేల అదురుతాది. సదువుకున్నోల్లకి కాలితో వినడం సేతకాదు."

మా ఆయనకి చెప్తే, "అమ్మా నువ్వూ తేల్చుకోండి" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు. వీధి చివర కానిస్టేబులుకి చెప్పుకున్నాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఆయన వెనకాలే, ఆయన భార్య రోడ్డు మీద చోళ్లు తిరగేస్తోంది.

ఒక రోజు మధ్యాహ్నం కిరసనాయిలు కోసం ఎదుటి దుకాణానికి వెళ్లాను. డబ్బా పట్టుకుని తిరిగి దాటడానికి రోడ్డంచున నిలబడ్డాను. ఊరి వైపు నుంచి లారీ వస్తోంది. పోనీలే, అది పోయాక దాటుదామనుకున్నాను. మా ఇంటి ముందు అత్తగారు ఆ రోజుకి పరిచిన మొక్కలన్నిటినీ పోగుచేసి తారు మీద మా వైపుగా నడుమెత్తు గుట్ట వేసింది. చక్రం బాగా పడుతుందని ఆవిడ లెక్క. రాళ్లు తీసి అవతల పడేసి ఉన్నాయి. ఆవిడ కనిపించలేదు. లోపలికి వెళ్లి ఉంటుంది, మంచిదే, అనుకున్నాను.

అప్పుడు గుట్ట వెనకాల ఒక చీపురు కదిలింది.

రాళ్లు తీసేశాక, కింద ఇంకా పిడికెడు గింజలు కనిపించి ఉంటాయి. వాటి కోసం మళ్లీ కూర్చుంది. నాకు వీపు చివర, తెల్ల వెంట్రుకల ముడి కనిపిస్తున్నాయి. ఎండిన ఉలవ మొక్క ఏ రంగో ఆవిడ నేత చీరా అదే రంగు. లారీవాడికి ఎదురుగా ఉన్నది గుట్ట. రాళ్లు లేని గుట్ట. ముందు చక్రం మా ఇంటి వైపు తిరగడం చూశాను. ఇంజను గొంతు పెరిగింది.

"అత్తా!" అని అరిచాను. అరిచాననే అనుకుంటున్నాను. నా చెవులకే వినపడలేదు. కాళ్లు ఎవరివో అయిపోయాయి. ముందుకి పోవు, వెనక్కి పోవు. చేతిలో డబ్బా ఉందని చేతికి తెలిసింది కాబోలు, అది లేచి లారీ ముందు తారు మీద దబ్బున పడింది. కిరసనాయిలు చిమ్మింది. వాడు బ్రేకు తొక్కాడు.

అసలు భయం అప్పుడు మొదలైంది. చక్రాలు ఆగిపోయాయి, లారీ ఆగలేదు. కింద ఉలవ గింజలు. అంత బరువు లారీ చప్పుడు లేకుండా, తొందర లేకుండా జారుతూ గుట్టని ముందుకి తోసుకుపోయింది. మొక్కలన్నీ అలలాగా లేచి మా ఇంటి ముందున్న కాలవలో పడ్డాయి. లారీ వాటి మీదికి ముక్కు పెట్టి ఆగింది. దుమ్ము. దుమ్ములో మనిషి లేదు.

నేను రోడ్డు ఎలా దాటానో నాకు తెలీదు. కాలవలో మోకాళ్ల మీద పడి రెండు చేతులా మొక్కలు లాగుతున్నాను. చక్రం కింద చూడాలి, చూడలేకపోతున్నాను. చక్రం వైపు తప్ప మిగతా అన్ని వైపులా వెతుకుతున్నాను. అంతలో మొక్కల్లోంచి చీపురు పట్టుకున్న చెయ్యి బయటికొచ్చింది. దాని వెనకాల మనిషి. మోచెయ్యి తోలు లేచిపోయింది. ఒక పాదం పక్కకి తిరిగి ఉంది. నోట్లోంచి ఉలవాకు ఊసి, "రాల్లు ఎవుల్రా తీసినోడు?" అంది.

"నువ్వే తీశావత్తా."

"నానేటి?" అంది. చుట్టూ చూసింది. లారీ ముక్కు తన తలకి ఎంత దగ్గరుందో అప్పుడు చూసింది. ఆవిడ పళ్లు టకటకలాడడం నాకు వినిపించింది.

డ్రైవరు దిగొచ్చి తారు మీద చతికిలబడ్డాడు. మీసాలు తిరిగిన మనిషి, వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. "రాల్లు నేవు గదమ్మా. నేకపోతే ఎక్కించమనే గదా. మామ్మకి సాయం సేద్దారనే గదమ్మా." వాణ్ని తిట్టడానికి నోరు తెరిచాను. వాడు కట్టుబాటు ప్రకారమే వచ్చాడు. ఆ జోరున రావడం కూడా కట్టుబాటులో భాగమేనని వాడి నమ్మకం.

ఇంతటితో ఆవిడ మానేసిందనుకుంటున్నారేమో. మీకు మా అత్తగారు తెలీదు. పాదానికి పసుపు పట్టు వేసుకుని నాలుగు రోజులు మంచం మీద పడుకుంది. లేచాక కర్ర పోటేసుకుంటూ పెరట్లోకి పోయి, మిగిలిన సగం మొక్కలు తేవడం మొదలుపెట్టింది.

"పెరట్లో వేసి బాదుకుందాం. నేను బాదుతాను," అన్నాను.

"నువ్వా? పప్పు గుత్తి పడితే సెయ్యి నొప్పి నీకు. ఇవి కుల్లిపోవాలేటి? ఆడు కొత్తోడు, బెదిరిపోనాడు. రోజూ వచ్చినోల్లు బాగానే ఎక్కిస్తారు."

మా ఆయన పేపరు దించలేదు. నాకు ఒళ్లు మండింది. వాదించి వాదించి నా గొంతు అరిగిపోయింది. సరే కానీ అనుకుని, ఎర్ర లంగా గుడ్డ ఒకటి చింపి, ఊరి వైపు కాస్త దూరం నడిచి, రోడ్డు నడుమ నిలబడ్డాను. ఆవిడ పని చేసినంతసేపూ వచ్చే లారీని వచ్చినట్టు నేనే ఆపుతాను. అదీ నా పథకం.

మొదటి లారీ చాలా దూరంలో కనిపించింది. గుడ్డ ఊపాను. బూరా మోగించాడు. ఆగడం వాడి ఉద్దేశం కాదు, తప్పుకోమని. మళ్లీ ఊపాను. నార మోపులతో ఆ లారీ రోడ్డంతా నిండిపోయి వస్తోంది. పాదాల కింద తారు అదరడం తెలిసింది. తప్పుకోవాలని నాకూ ఉంది. తప్పుకుంటే వెనకాల కుంటుతూ ఆవిడ ఉంది. అద్దం వెనక వాడి మొహం కనిపిస్తోంది. వాడు నవ్వుతున్నాడు. చదువుకున్న ఆడమనిషి ఎర్రగుడ్డ పట్టుకుని రోడ్డు మీద ఆడుతోందని నవ్వుతున్నాడు. నా గుడ్డ పట్టుకున్న చెయ్యి పైకి లేవడం మానేసింది.

"ఒసే! పక్కకి రాయే! సచ్చిపోతావే!"

అత్తగారి గొంతు అంత పైకి వెళ్లగలదని నాకు తెలీదు. కర్ర లేదు. తిరిగిన పాదంతో పరిగెత్తుకొచ్చి, నా జబ్బ పట్టి ఒక్క గుంజు గుంజింది. ఇద్దరం కంకర గుట్ట మీద పడ్డాం. లారీ గాలి నా మొహాన్ని కొట్టి వెళ్లింది. వాడు ఆగలేదు. ముందుకి పోయి, పరిచిన మొక్కల మీదుగా చక్రాలు ఎక్కించి, ఉపకారం చేసినట్టు ఒకసారి బూరా మోగించి పోయాడు.

అత్తగారు అటు చూడలేదు. నా మొహం, చేతులు, మోకాళ్లు తడిమి తడిమి చూస్తోంది. ఆవిడ వేళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి.

"బుద్ధి నేదేటే నీకు?" అంది. "లారీకి ఎదురెల్లి నిలబడతారేటే ఎవులైనా?"

"నువ్వు కూర్చోలేదా?"

ఆవిడ నన్ను లేపి నిలబెట్టింది. నా మణికట్టు వదల్లేదు. అలాగే ఇంటి దాకా లాక్కెళ్లింది. గుమ్మం ముందు రోడ్డు నిండా పేలిన కాయలు, పరుచుకున్న గింజలు. ఆవిడ వాటి మీద నుంచే నడిచి వెళ్లి, నన్ను లోపలికి తోసి, తలుపు గడియ పెట్టేసింది. బయట ఇంకో లారీ వచ్చింది. కాయలు పటపటమన్నాయి. ఇద్దరం గోడకి ఆనుకుని, అది వెళ్లిపోయేదాకా ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాం.